మచ్చ దాచని బజారు

ముందు ఒక ప్రకటన చదవండి. అల్లింది నేనే. పుస్తకం గురించి ఇందులో ఉన్నవన్నీ నిజాలు. ఈ ఒక్క కాపీకి తగిలిన దెబ్బలు మాత్రం కల్పితం.

"ఫిట్జెరాల్డ్, ఎఫ్. స్కాట్: ది గ్రేట్ గాట్స్‌బీ. న్యూయార్క్, చార్లెస్ స్క్రిబ్నర్స్ సన్స్, 1925. మొదటి ఎడిషన్, మొదటి ముద్రణ: 60వ పేజీ 16వ వరుసలో 'చాటర్', 205వ పేజీ 9-10 వరుసల్లో 'సిక్ ఇన్ టైర్డ్' ఉన్నాయి. 218 పేజీలు. ముదురాకుపచ్చ బట్ట బైండింగు. వెన్ను మీది బంగారు అక్షరాలు వెలిశాయి, చదవడానికి ఇబ్బంది లేదు. వెన్ను కింది కొసన బట్ట పావు అంగుళం చిరిగింది. అట్ట లోపలివైపు పాత యజమాని పేరు, పెన్సిల్‌తో. 40, 41 పేజీల పై అంచున అంగుళం మేర చెమ్మ మరక, అక్షరాలదాకా రాలేదు. ఆకులన్నీ ఉన్నాయి. జాకెట్ లేదు. గుడ్."

అమెరికాలో, ఇంగ్లండులో, యూరప్‌లో పాత పుస్తకాలు, అరుదైన పుస్తకాలు అమ్మే దుకాణదారులు నెట్‌లో పెట్టుకునే వర్ణన ఇలా ఉంటుంది. నవల ఎంత గొప్పదో, గాట్స్‌బీ ఎవరో, ఎందుకు చదవాలో ఒక్క ముక్క లేదు. కొనేవాడికి అవన్నీ తెలుసు. అతను అడిగేది ఒక్కటే: లోకంలో ఉన్న ఇన్ని వేల గాట్స్‌బీల్లో నీ బీరువాలో ఉన్నది ఏది? ఆ ఒక్క ప్రశ్నకు పూర్తిగా, మోసం లేకుండా, పుస్తకం చూడని మనిషికి కళ్ళకు కట్టేట్టు జవాబు చెప్పడం ఈ వ్యాపారంలో అసలు పనితనం. ముప్పై ఏళ్ళ కిందట ఈ వ్యాపారం నెట్‌లోకి వచ్చి, ఒకదాని గడప ఒకటి తొక్కని వేలాది చిన్న దుకాణాలు కలిసి ఒకే కొట్టులా పనిచేయడం మొదలుపెట్టాయి. దానికి చాలామంది కంప్యూటర్లను మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఆ మెప్పులో పెద్ద వాటా ఇలాంటి పది వరుసలు రాయడం నేర్చిన చేతులకు పోవాలి.

పై ప్రకటననే ఇంకాస్త దగ్గరగా చూద్దాం. 1925 అని చెప్తే సరిపోదా? సరిపోదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్క్రిబ్నర్స్ వాళ్ళు ఈ నవల 20,870 కాపీలు వేశారు. ఆగస్టులో మరో 3,000 వేశారు. రెండింటి మీదా ఉండేది 1925 అనే. రెండోసారి వేసేటప్పుడు కొన్నిచోట్ల మాటలు దిద్దారు. 60వ పేజీలోని 'చాటర్' పోయి 'ఎకోలేలియా' వచ్చింది. 205వ పేజీలోని 'సిక్ ఇన్ టైర్డ్' అనే అచ్చుతప్పు సరైంది. కాబట్టి తప్పులున్న కాపీ ముందు పుట్టినది, తప్పుల్లేనిది తర్వాతది. ఈ లోకంలో తప్పుకే విలువ. అందుకే వర్ణన రాసేవాడు 'మొదటి ముద్రణ' అని ఊరుకోకుండా, ఏ పేజీ ఏ వరుస చూసి ఆ మాట అంటున్నాడో కూడా రాస్తాడు. అంటే చదివేవాడు తన మాట నమ్మాల్సిన పని లేకుండా, సరిచూసుకునే దారి చూపిస్తున్నాడన్నమాట.

ఇక మరక సంగతి. 'కొద్దిగా మరక ఉంది' అన్నా చెప్పినట్టే, కానీ అలా చెప్పినవాడికీ ఇలా చెప్పినవాడికీ చాలా తేడా ఉంది. ఎక్కడ, ఎంత, అక్షరాలను తాకిందా లేదా అనే మూడు ప్రశ్నలకూ ఒక్క వాక్యంలో జవాబు వచ్చేసింది. పేరు పెన్సిల్‌తో రాసి ఉంది అనడంలోనూ లెక్క ఉంది. సిరా అయితే పోదు, పెన్సిల్ అయితే కొనేవాడు కావాలనుకుంటే చెరుపుకోవచ్చు. తెలివైన దుకాణదారు తాను మాత్రం చెరపడు. ఆ పేరు రేపు ఎవరిదని తేలుతుందో ఎవరికి తెలుసు!

'జాకెట్ లేదు' అన్న రెండు మాటలు రాయడానికే అన్నిటికంటే ఎక్కువ నిజాయితీ కావాలి. ఫ్రాన్సిస్ క్యూగాట్ గీసిన, నీలాకాశంలో తేలే కళ్ళున్న ఆ కాగితం జాకెట్ ఉంటే ఈ పుస్తకం ధర లక్ష డాలర్లు దాటుతుంది. లేకపోతే కొన్ని వేలకు దిగిపోతుంది. జాకెట్‌ను పుస్తకం కంటే కాస్త పొడవుగా కత్తిరించడం వల్ల అంచులు నలిగి, చిరిగి, చాలా కాపీలకు అది పోయింది. మిగిలిన జాకెట్లలోనూ మళ్ళీ రకాలు. వెనకవైపు 'జే గాట్స్‌బీ' అన్నచోట మొదటి అక్షరం పెద్దబడిలో పడాల్సింది చిన్నబడిలో పడింది. ఆ తప్పును తర్వాత చేత్తోనో, ముద్రతోనో దిద్దారు. దిద్దుబాటు కనిపిస్తుందా లేదా అన్నది కూడా వర్ణనలో రాయాల్సిందే.

చివరగా 'గుడ్'. కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. ఈ వ్యాపారంలో గుడ్ అంటే మంచి కాపీ కాదు. బాగా వాడిన, అరిగిన పుస్తకమనీ, కాకపోతే పేజీలన్నీ ఉన్నాయనీ అర్థం. ఈ వరస ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు పెట్టుకున్నది కాదు. 1949లో, అమెరికాలోని ఈ వర్తకుల వారపత్రిక స్థితిని చెప్పే మాటలను ఒక క్రమంలో పెట్టింది. యాజ్ న్యూ, ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని. గుడ్ అంటే లోపాలన్నీ విడిగా చెప్పి తీరాలని కూడా అప్పుడే నియమం పెట్టారు. అప్పటికి కంప్యూటర్ ఒక గదంత ఉండేది, నెట్ అనే ఊహే లేదు. అయినా ఎక్కడో ఉన్న ఇద్దరు వర్తకులు ఒకే పుస్తకాన్ని ఒకే మాటల్లో చెప్పుకునే ఏర్పాటు అప్పటికే సిద్ధమైంది.

ఇంత తతంగం ఎందుకంటే, పాత పుస్తకానికి నంబరు లేదు. ఐఎస్‌బీఎన్ అనేది 1960ల చివర మొదలై 1970 నాటికి అంతర్జాతీయ ప్రమాణమైంది. కొత్త పుస్తకానికి ఆ నంబరు కొడితే చాలు. విజయవాడలో ఉన్నదీ విశాఖలో ఉన్నదీ ఒకటే పుస్తకం. అంతకుముందు అచ్చయినవాటికి ఆ సౌకర్యం లేదు. ఉన్నా ఉపయోగపడదు. వందేళ్ళు నలుగురి చేతుల్లో తిరిగాక ఏ రెండు కాపీలూ ఒకటి కావు. ఒకదానికి చెదలు పట్టాయి, ఒకదానిలో రచయిత సంతకం ఉంది, మరోదానిలో బొమ్మల పేజీ ఎవరో చింపుకున్నారు. సరుకు ఇలా దేనికదే వేరైనప్పుడు కొనేవాడి చేతికి ముందుగా అందేది వర్ణనే. ధర, నమ్మకం రెండూ దాని మీదే నడుస్తాయి.

ఇంకా పాతవాటికి, అంటే చేత్తో తిప్పే అచ్చుయంత్రాల కాలం నాటివాటికి, పని మరింత సూక్ష్మం. మన ప్రెస్సువాళ్ళు ఇప్పటికీ ఫారాల లెక్కన మాట్లాడతారు కదా, ఆ ఫారమే ఇక్కడా కొలత. పెద్ద కాగితం మీద పేజీలు అచ్చేసి, మడిచి, కుట్టి పుస్తకం చేస్తారు. ఏ మడత తర్వాత ఏది రావాలో బైండరుకు తెలియడానికి ఒక్కో మడత మొదటి పేజీ అడుగున ఒక అక్షరం వేసేవాళ్ళు. ఏ, బీ, సీ అని. లాటిన్ వర్ణమాల ప్రకారం 23 అక్షరాలే. అందులో జే ఉండదు, డబ్ల్యూ ఉండదు, యూ, వీలలో ఒకటే ఉంటుంది. వరస జడ్ దాకా వెళ్ళాక మళ్ళీ జంట అక్షరాలతో మొదలవుతుంది. వర్తకుడు ఒక్కో మడతనూ తెరిచి, ఆకులు లెక్కపెట్టి, 'బీ నుంచి జడ్ వరకు ఎనిమిదేసి ఆకులు' అన్న సంగతిని ఒక చిన్న సూత్రంలో రాస్తాడు. చివరి ఆకు ఖాళీ కాగితమే అయినా సరే, లేకపోతే లేదని చెప్పాలి. తెలియనివాడికి అది పిచ్చి లెక్కలా కనిపిస్తుంది. న్యూయార్క్‌లో కూర్చున్న మరో వర్తకుడు మాత్రం ఆ ఒక్క వరుస చూసి, తన దగ్గరి కాపీతో పోల్చి, ఎక్కడ ఆకు పోయిందో పట్టేస్తాడు. ఈ మాటలన్నిటికీ నిఘంటువు లాంటిది జాన్ కార్టర్ 1952లో తెచ్చిన 'ఏబీసీ ఫర్ బుక్ కలెక్టర్స్'. ఆ పుస్తకంలో ఒక చమత్కారం ఉంది. లోపలి ఖాళీ కాగితాన్ని ఏమంటారో, ముఖపత్రాన్ని ఏమంటారో, ఆ పుస్తకమే తన ఒంటి మీద పేర్లు వేసుకుని చూపిస్తుంది.

నెట్ రాక ముందు ఈ వర్తకులు ఒకరినొకరు ఎలా పట్టుకునేవారు? కాగితం మీదే. ఇంగ్లండులో 1890లో మొదలైన 'ది క్లిక్' అనే వారపత్రిక ఉండేది. అమెరికాలో 1948లో సోల్ మాల్కిన్ మొదలుపెట్టిన 'యాంటిక్వేరియన్ బుక్‌మన్', తర్వాతి పేరు 'ఏబీ బుక్‌మన్స్ వీక్లీ', ఉండేది. ఇందాక చెప్పిన వరస పెట్టింది ఇదే. వీటిలో కథలు, కవితలు వెతికితే దొరకవు. పేజీల నిండా సన్న అక్షరాల్లో 'కావలెను' జాబితాలే. ఒక దుకాణదారు తన ఖాతాదారు అడిగిన పుస్తకాన్ని అందులో వేయించేవాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో మరో దుకాణదారు ఆ సన్న అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, తన అరలో ఉన్నది కనిపిస్తే కార్డు ముక్క మీద వర్ణన రాసి పోస్టు చేసేవాడు. బేరం కుదిరితే వర్తకుడికి వర్తకుడు తగ్గింపు ఇస్తాడు. ఆ తగ్గింపే ఇద్దరినీ కలిపి ఉంచే తాడు. పోటీదారులైనా, పక్కవాడి అలమర తన అలమరే అన్న లెక్కతో నడిచేవాళ్ళు. 'నా దగ్గర లేదు' అని ఖాతాదారును పంపేయడం కంటే, పదోవంతు లాభం మిగిలినా పక్క ఊరి నుంచి తెప్పించి ఇవ్వడం మేలు కదా.

ఈ అలవాటు మీదనే కంప్యూటర్ వచ్చి కూర్చుంది. 1990ల తొలి ఏళ్ళలో రిచర్డ్ వెదర్‌ఫోర్డ్ మొదలుపెట్టిన ఇంటర్‌లాక్ వర్తకులకోసమే పెట్టింది. ఫోన్ లైను మీద తమ జాబితాలు పంపుకోవడం, ఉన్నవాటినీ కావలసినవాటినీ యంత్రం జతచేయడం. అంతే పని. అదే తర్వాత అలిబ్రిస్ అయింది. కెనడాలో విక్టోరియా అనే ఊళ్ళో, పాత పుస్తకాల కొట్టున్న ఒక కుటుంబమూ వాళ్ళ స్నేహితులూ కలిసి 1995లో ఏబ్‌బుక్స్ అనుకున్నారు. మరుసటేడు అది నెట్‌లోకి వచ్చింది. జర్మనీలో అదే 1996లో జెడ్‌వీఏబీ పుట్టింది. 1997లో బర్కలీలో చదువుకుంటున్న అనిర్వాన్ చటర్జీ అన్నిచోట్లా ఒకేసారి వెతికే బుక్‌ఫైండర్ కట్టాడు. 1999 డిసెంబరుకల్లా 'ఏబీ బుక్‌మన్స్ వీక్లీ' మూతపడింది. యాభై ఏళ్ళ పత్రికను ఈ సైట్లు నాలుగేళ్ళలో కొట్టేశాయి.

వీటిలో నాకు ముచ్చటగా అనిపించేది ఏబ్‌బుక్స్ వాళ్ళు వర్తకులకు ఉచితంగా ఇచ్చిన హోంబేస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్. రచయిత, పేరు, అచ్చయిన ఊరు, ప్రచురణకర్త, ఏడాది, ఎడిషన్, బైండింగు, పుస్తకం స్థితి, జాకెట్ స్థితి, సైజు, సంతకం ఉందా, ధర, ఆపైన స్వేచ్ఛగా రాసుకోవడానికి ఒక పెద్ద గడి. ఈ గడులను ఇంజినీరు కనిపెట్టలేదు. కార్డు ముక్కల మీద అరవై డెబ్భై ఏళ్ళుగా ఏ వరసలో రాస్తున్నారో ఆ వరసనే తెచ్చి తెర మీద పెట్టారు. పుస్తకం స్థితికి ఒక గడి, జాకెట్ స్థితికి వేరే గడి ఉండటం చూడండి. వర్తకం తెలియనివాడు కడితే రెండూ కలిపేసేవాడు. ఇక ఆ పెద్ద గడిని ఖాళీగా వదలడంలోనే అసలు తెలివి ఉంది. పాత పుస్తకానికి చెప్పాల్సింది ఎప్పుడూ గడుల్లో ఇమడదని, చివరికి మనిషే వాక్యం రాయాలని ఒప్పుకున్నట్టు.

అయితే లాభం వెంట నష్టం కూడా వచ్చింది. అప్పటిదాకా అరుదైనదని ప్రతి ఊరివాడూ అనుకున్న పుస్తకాలు లోకమంతా కలిపి చూస్తే వందల్లో ఉన్నాయని తేలింది. ధరలు పడిపోయాయి. ఒక్క సెంటుకు పుస్తకం అమ్మి, పోస్టేజీలో మిగిలిన పైసలు లెక్కేసుకునే గోడౌన్లు వచ్చాయి. వాళ్ళ వర్ణనలు ఎలా ఉంటాయంటే: 'పుస్తకంలో గీతలు ఉండవచ్చు, పేర్లు ఉండవచ్చు, లైబ్రరీ ముద్రలు ఉండవచ్చు.' ఉండవచ్చట! తెరిచి చూస్తే తెలిసిపోతుంది కదా? లక్షల పుస్తకాల మీద ఒకే వాక్యం అతికిస్తే ఇలాగే ఉంటుంది.

ఈ దారి చివరిదాకా పోతే ఏమవుతుందో 2011 ఏప్రిల్‌లో బయటపడింది. పీటర్ లారెన్స్ అనే శాస్త్రవేత్త 1992లో ఈగ శరీరం ఎలా రూపుదిద్దుకుంటుందో వివరిస్తూ 'ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' అనే పుస్తకం రాశాడు. అచ్చులో లేదు. అమెజాన్‌లో ఇద్దరు అమ్మకందార్లు దాన్ని కొత్త కాపీగా పెట్టారు. ఒకరి ప్రోగ్రాము తన ధరను ఎదుటివాడి ధరలో 0.9983 వంతుగా రోజూ సరిచేసుకుంటోంది. రెండోవాడిది మొదటివాడి ధరను 1.270589తో హెచ్చవేస్తోంది. మనుషులెవరూ చూడలేదు. ధర ఎక్కి ఎక్కి 2,36,98,655 డాలర్ల 93 సెంట్లకు చేరింది, పోస్టేజీ 3 డాలర్ల 99 సెంట్లు అదనం. మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త ఈ వింతను గమనించి, లెక్కకట్టి బయటపెట్టాడు. రెండోవాడి దగ్గర అసలు పుస్తకమే లేదని, ఎవరైనా కొంటే మొదటివాడి దగ్గర కొని పంపుదామని అంత ఎక్కువ పెట్టాడని ఐసెన్ ఊహ. అదీ ఒక రకం అల్లికే. రెండు దుకాణాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ నడిచాయి. కాకపోతే పుస్తకాన్ని తెరిచి చూసిన చెయ్యి ఒక్కటీ లేదు.

మనుషులు వర్ణనలతో కట్టుకున్న పాత రకం అల్లికలో బలం ఎక్కడుంటుందో చెప్పే ముచ్చట ఒకటి ఉంది, దొంగతనానికి సంబంధించింది. అరుదైన పుస్తకాల వర్తకులకు దేశానికొక సంఘం ఉంటుంది. లండన్ కేంద్రంగా ఏబీఏ 1906లో వచ్చింది, అమెరికాలో ఏబీఏఏ 1949లో. అన్నిటికీ కలిపి అంతర్జాతీయ సమాఖ్య ఐఎల్‌ఏబీ. డచ్చి వర్తకుడు మెనో హెర్జ్‌బెర్గర్ చొరవతో, యుద్ధం ముగిసిన వెంటనే, 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దానికి బీజం పడింది. శత్రుదేశాల వర్తకులను మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం అతని ఉద్దేశం. 1999లో ఏబీఏఏ భద్రతా సంఘానికి సాల్ట్ లేక్ సిటీ దుకాణదారు కెన్ శాండర్స్ అధ్యక్షుడయ్యాడు. కాలిఫోర్నియా చుట్టుపక్కల ఎవరో ఫోన్‌లో ఖరీదైన మొదటి ఎడిషన్లు ఆర్డరిచ్చి, వేరేవాళ్ళ క్రెడిట్ కార్డు నంబర్లు చెప్పి, పుస్తకం తీసుకుని మాయమవుతున్నాడు. ఒక్కో దుకాణానికి విడిగా చూస్తే అది ఒక చేదు అనుభవం, అంతే. శాండర్స్ ఆ ఫిర్యాదులన్నీ కలిపి, సభ్యులందరికీ ఈమెయిల్లో పంపడం మొదలుపెట్టాడు. ఏ పుస్తకం పోయింది, ఏ మాటలతో అడిగాడు, ఎక్కడికి పంపమన్నాడు అనే వివరాలతో.

2003 జనవరిలో మసాచుసెట్స్ వర్తకుడు కెన్ లోపెజ్‌కు ఫోన్ వచ్చింది. స్టైన్‌బెక్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' మొదటి ఎడిషన్ కావాలి, పాలో ఆల్టోలో ఒక హోటల్‌కు పంపండి అని. మెయిళ్ళు చదివి ఉన్నాడు కాబట్టి ఈ వాలకం అతనికి ఎక్కడో తగిలింది. శాండర్స్‌కు చెప్పాడు, శాండర్స్ పోలీసులకు చెప్పాడు. పార్సెల్ హోటల్‌కు చేరింది, దాన్ని తీసుకోవడానికి వచ్చిన జాన్ గిల్కీ దొరికిపోయాడు. అతను ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేస్తూ అక్కడి ఖాతాదార్ల కార్డు నంబర్లు రాసిపెట్టుకునేవాడు. ఆలిసన్ హూవర్ బార్ట్‌లెట్ ఈ కథనంతా 2009లో పుస్తకంగా రాసింది. నాకు ఇందులో గొప్పగా తోచేది పోలీసుల వల కాదు. పోయిన పుస్తకాల గురించి ఆ మెయిళ్ళలో రాసిన వర్ణనలు. జాకెట్ మీద ఎక్కడ చిరుగుందో, ఎవరి సంతకముందో రాసి ఉంచినవాడికే, అదే కాపీ నాలుగేళ్ళ తర్వాత మరొకడి అలమరలో కనిపిస్తే 'ఇది నాదే' అని రుజువు చేసే వీలుంటుంది. బజారులో దాచకుండా చెప్పిన మచ్చే ఆనవాలుగా పనికొచ్చింది.

2008లో ఏబ్‌బుక్స్‌ను అమెజాన్ కొనేసింది. అప్పటికే బుక్‌ఫైండర్ ఏబ్‌బుక్స్ చేతిలో ఉంది, 2011లో జెడ్‌వీఏబీ కూడా అందులో కలిసింది. వర్తకులు కట్టుకున్న బజారుకు యజమాని బయటివాడయ్యాడు. దీని పర్యవసానం పదేళ్ళకు వచ్చింది. 2018లో ఏబ్‌బుక్స్ చెక్ రిపబ్లిక్, హంగరీ, దక్షిణ కొరియా, రష్యాలోని అమ్మకందార్లకు నోటీసు పంపింది. నవంబరు 30 తర్వాత మీ పుస్తకాలు మా దగ్గర ఉండవు, చెల్లింపులు చూసే సంస్థ మారుతోంది, అని. ఆ దేశాల్లో ఉన్న వర్తకులు పెద్ద సంఖ్యలో లేరు. లండన్, సిడ్నీ, బోస్టన్‌లలో ఉన్నవాళ్ళకు దీనివల్ల ఒక్క పైసా నష్టం లేదు. ఒక రకంగా పోటీ తగ్గుతుంది కూడా.

నవంబరు 5న జరిగింది చూడండి. ఇంగ్లండు వర్తకుడు సైమన్ బీటీ వంటివాళ్ళ పిలుపుతో, ఒక్కొక్కరూ తమ ఖాతాలోకి వెళ్ళి, దుకాణదారు సెలవుపై వెళ్ళినప్పుడు వాడే మీట నొక్కారు. పుస్తకాలు 'తాత్కాలికంగా అందుబాటులో లేవు' అని మాయమయ్యాయి. రెండు రోజుల్లో 27 దేశాలకు చెందిన దాదాపు 600 మంది కలిశారు. 35 లక్షలకు పైగా పుస్తకాలు బజారులోంచి లేచిపోయాయి. ఇందులో ఎవరికీ సమ్మె అలవాటు లేదు. సగం మంది ఒంటరిగా, మురికి కాగితాల మధ్య బతికే మనుషులు, సమావేశాలకు రమ్మంటే విసుక్కునేవాళ్ళు. రెండు రోజులకే కంపెనీ దిగివచ్చింది. ముఖ్య అధికారి క్షమాపణ చెప్పాడు, గడువు డిసెంబరు ఆఖరుదాకా పొడిగించి, మరో దారి చూస్తామన్నాడు. ఐఎల్‌ఏబీ లాటిన్ నినాదం ఒకటుంది, పుస్తకాల మీది ప్రేమే మమ్మల్ని కలుపుతుంది అని. సాధారణంగా ఇలాంటి నినాదాలు లెటర్‌హెడ్ మీద తప్ప ఎక్కడా పనిచేయవు. ఆ రెండు రోజులు పనిచేసింది. ప్రేమతో పాటు ప్రాగ్‌లోని వర్తకుడి దగ్గర ఇరవై ఏళ్ళుగా కొంటున్న అనుభవం, అతని వర్ణన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదన్న లెక్క కూడా కలిసి ఉంటాయని నా నమ్మకం.

ఇదంతా చదువుతుంటే మన సంగతి గుర్తుకు రాక మానదు. మద్రాసులో తెలుగు రచయితలు తరతరాలుగా తిరిగిన మూర్ మార్కెట్ 1985లో తగలబడింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ధర పుస్తకాన్ని బట్టి ఉండదు, దాన్ని పట్టుకున్నవాడి మొహంలో వెలుగును బట్టి ఉంటుంది. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పాత తెలుగు పుస్తకాలు అమ్మేవాళ్ళు ఉన్నారు. అట్ట ఫొటో పెడతారు, ధర పెడతారు. లోపల ఎన్ని ఆకులున్నాయో, ఎన్నో ముద్రణో కొని తెలుసుకోవాలి. పెళ్ళికొడుకు ఫొటో చూపించి బట్టతల సంగతి దాచే పెళ్ళిళ్ళ పేరయ్యలకు మనమింకా అలవాటు పడి ఉన్నాం.

చిత్రమేమిటంటే, వర్ణనకు కావలసిన ముడిసరుకు మన పుస్తకాల్లో అమెరికా పుస్తకాల కంటే ఎక్కువే ఉంది. పాత తెలుగు పుస్తకం రెండో పేజీ తెరిస్తే 'ప్రథమ ముద్రణ', నెల, సంవత్సరం, 'ప్రతులు: 1000', వెల, ముద్రించిన ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. ఎన్ని కాపీలు వేశారో పుస్తకంలోనే చెప్పే ఈ అలవాటు చూస్తే, ఫిట్జెరాల్డ్ కాపీల లెక్క కోసం ప్రచురణకర్త దస్తావేజులు తవ్విన పండితులు అసూయపడతారు. ఇక వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కోసి, వరసపెట్టి, బైండు చేయించుకున్న సంపుటాలు మన ఇళ్ళలో ఎన్ని ఉండేవో! వాటిని వర్ణించడానికి కార్టర్ నిఘంటువులో మాట దొరకదు. ఏ పత్రిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వారం పేజీ జారిపోయింది, బొమ్మలు ఎవరివి, కోసేటప్పుడు కత్తెర వాక్యాన్ని తిన్నదా, వెనకవైపు ఏ ప్రకటన సగం మిగిలింది. రాయడానికి కూర్చుంటే ఫారాల లెక్క కంటే రంజుగా ఉంటుంది. ఎవరైనా మొదలుపెడితే బాగుండును.

ఈ పనితనానికి ఒక చీకటి కోణం కూడా ఉంది, అది చెప్పకపోతే చిత్రం పూర్తి కాదు. వర్తకుల్లో వర్ణన బాగా రాసేవాళ్ళతో పాటు, ఎదుటివాడి వర్ణనలో లేనిదాన్ని చదవగలిగేవాళ్ళూ ఉంటారు. రాత్రిళ్ళు కూర్చుని జాబితాలు గాలించడం వాళ్ళకు సరదా, జీవనాధారం కూడా. టోల్కీన్ 'ది హాబిట్' మొదటి ముద్రణ 1937 సెప్టెంబరులో లండన్‌లో 1,500 కాపీలు వచ్చింది. దాని జాకెట్ వెనక మడతలో, లూయిస్ కరోల్ అసలు పేరు డాడ్జ్‌సన్ అని ఉండాల్సిన చోట ఒక 'ఈ' అదనంగా పడింది. ఆ అక్షరాన్ని సిరాతో, చేత్తో కొట్టేశారు. ఎక్కడో ఒక పల్లెటూరి దుకాణదారు 'హాబిట్, పాతది, జాకెట్ ఉంది' అని మూడు మాటలు రాసి చవకగా పెట్టాడనుకోండి. గాలించేవాడికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. కానీ 'వెనక మడత చూసి చెబుతారా' అని అడిగాడో, గుట్టు తనే విప్పినట్టు. అవతలివాడు మడత చూస్తాడు, ఆపైన నెట్‌లో ధరలు చూస్తాడు, మర్నాటికి ఆ మూడు మాటలు ముప్పై అవుతాయి, ధరకు రెండు సున్నాలు పెరుగుతాయి. అందుకని ఆరితేరినవాడు అమాయకంగా ఫొటోలన్నీ అడుగుతాడు: ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట, రెండు మడతలు, నాలుగు మూలలు. మరీ ఆరితేరినవాడు ఏమీ అడగడు, డబ్బు కట్టేస్తాడు. అది న్యాయమా అని వర్తకులు తమలో తాము ఇప్పటికీ వాదించుకుంటారు. కొందరు పుస్తకం చేతికొచ్చాక అమ్మినవాడికి ఇంకొంత పంపుతారు. చాలామంది పంపరు.